పేస్‌మేకర్ చూపులు

నా గుండె మొండికేసిన పూట నేను వేరొకరి నాడి చూస్తున్నాను. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. ఆయాసంతో చేరిన ఒక మామ్మగారి మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ నలభై ఒకటి దాకా లెక్కపెట్టినట్టు గుర్తు. నలభై రెండు ఎవరు లెక్కపెట్టారో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి మామ్మగారి మంచం మీద నేనున్నాను, మామ్మగారు పక్కన నిలబడి నాకు విసనకర్రతో విసురుతున్నారు. ఆవిడ ఆయాసం ఏమైందో ఎవరికీ అడగాలని తోచలేదు. ఆవిడ కొడుకు మాత్రం, "ఈ వార్డులో ఏదో అంటుకునే జబ్బుందండి, నర్సులే పడిపోతున్నారు" అంటూ అప్పటికప్పుడు తల్లిని డిశ్చార్జి చేయించుకుని తీసుకుపోయాడు.

రెండు వేల సంవత్సరం వచ్చి వెళ్ళిన కొత్త రోజులవి. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. నర్సు పనిలో ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో జ్వరానికి కూడా సెలవు పెట్టలేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. గొప్పలు పోతే దేవుడు వింటాడే అని మా అమ్మ అంటూ ఉండేది. విన్నాడు. ఈసీజీ తీస్తే గుండె నిమిషానికి ముప్పై నాలుగుసార్లు కొట్టుకుంటోంది. పై గది పంపే కబురు కింది గదికి అందడం లేదని మా డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పబోతే, "నాకు చెప్తారేంటండీ, ఇదే బొమ్మ పేషెంట్లకి ఇన్నాళ్ళూ గీసింది నేనే కదా" అని విసుక్కున్నాను. మూడో రోజున ఎడమ భుజం దగ్గర, మెడ ఎముక కింద, చర్మం లోపల అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పెట్టి కుట్టేశారు. గుండె ఆలస్యం చేసినప్పుడల్లా అది లోపలినుంచి పొడిచి పని చేయిస్తుంది. మా హెడ్ సిస్టరు పద్ధతి కూడా అదే కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు.

ఇబ్బంది వచ్చింది ఇంట్లో. మా ఆయన ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. కాగితం మీద ఏది రాసి ఉంటే అది నిజమని నమ్మే మనిషి. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో, బలమైన అయస్కాంతాలకూ విద్యుత్ పరికరాలకూ దూరంగా ఉండాలని ఒక వాక్యం ఉంది. చర్చిలో చదివే వాక్యాలకు కూడా ఆయన అంత విలువ ఇవ్వలేదు. మిక్సీ అటక ఎక్కింది. రోజూ పొద్దున్నే పంచె ఎగ్గట్టి రోట్లో పచ్చడి ఆయనే రుబ్బేవారు. ఫ్రిజ్ తలుపు నేను ముట్టుకోకూడదు. హాల్లో నిలబడి "పెరుగు" అని కేకేస్తే ఆయన తెచ్చి ఇచ్చేవారు. కాలింగ్ బెల్లు వైరు పీకేశారు. ఇక కరెంటు పోతే వీధిలో అందరూ కొవ్వొత్తి వెతుక్కునేవారు, మా ఆయన నన్ను వెతుక్కునేవారు. తడుముకుంటూ వచ్చి, "ఉన్నావా?" అనేవారు.

"ఉన్నానండీ. నాది బ్యాటరీ. కరెంటుతో సంబంధం లేదు."

"తెలుసు, తెలుసు. ఊరికే అడిగాను" అంటూ కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చునేవారు. కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఏది ముందు వచ్చేదో చెప్పలేను.

రెండు నెలలకు డాక్టరుగారు చూసి, డ్యూటీకి పనికొస్తానని సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం చూశాక మా ఆయనకూ నోరు పెగల్లేదు. నాకు వార్డు కావాలి. ఇంట్లో రోగిని అయిపోయాను. వీధిలోకి వెళ్తే "పాపం, ఆవిడేనండీ" అని చూపించుకునే మనిషినయ్యాను. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ నా చుట్టూ చేరి నెమ్మదిగా మాట్లాడేవారు. నాతో ఎవరూ పోట్లాడడం లేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే నేను చచ్చి బతికినదాన్నని నాకే నమ్మకం కుదిరిపోతుందని భయం పట్టుకుంది. తెల్లచీరకు గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, ఒక సోమవారం పొద్దున్న ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాను.

ఆసుపత్రి డాక్టరుగారిదే గాని పెత్తనం ఆయన భార్యది. మేడమ్‌గారంటాం. ఆవిడ నన్ను తన గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించారు. మజ్జిగ చూడగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఆ గదిలో మంచి కబురుకు ఎప్పుడూ టీయే ఇస్తారు.

"మీరు మా ఇంటి మనిషి సిస్టర్. అందుకే చెప్తున్నాను. ఇంజెక్షను ఇస్తూ ఇస్తూ పేషెంటు మీద పడిపోయారనుకోండి, ఊళ్ళో మన పేరేం కావాలి?"

"ఇప్పుడు పడనండి. పడకుండా ఉండాలనే కదండీ ఇది పెట్టింది."

"మీకూ నాకూ తెలుసు. పేషెంట్లకి తెలియదు కదండీ."

మందుల కొట్టు పక్క గదిలో ఫ్యాను కింద కుర్చీ వేయించారు. గాజుగుడ్డ మడతలు పెట్టడం నా పని. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషిని! వారం తిరిగేసరికి ఆ ఆసుపత్రిలో మడతపడని గుడ్డంటూ లేదు. కిటికీ తెరలు కూడా మడతపెట్టాను. అయితే ఒక నిజం దాచి ప్రయోజనం లేదు. ఆ కుర్చీ మొదటిసారి చూసినప్పుడు నాలో ఎక్కడో ఒక మూల 'హమ్మయ్య' అనుకుంది. మళ్ళీ ఎవరి మీదైనా పడితే? ఈసారి చేతిలో సూది ఉంటే? మేడమ్‌గారి భయం నాలోనూ ఉంది. అది ఉన్నందుకే ఆవిడ మీద కోపం ఇంకా ఎక్కువయ్యేది.

అలా ఉండగా ఆత్రేయపురం నుంచి ఒకాయన వచ్చారు. నాకున్న జబ్బే ఆయనకూ. పేస్‌మేకర్ పెట్టాలంటే ఆయన భార్య ఒప్పుకోలేదు. మిషను పెట్టుకున్న మనిషిని కళ్ళారా చూస్తే గాని చెయ్యనివ్వనని భీష్మించుకు కూర్చున్నారు. మా ఆసుపత్రిలో పెట్టినవాటిలో నాది మూడోది. మొదటి ఇద్దరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళు వెళ్ళిపోయారు. చేతికి అందేదాన్ని నేనే. డాక్టరుగారు వాళ్ళను నా గదికి పంపించారు.

తొమ్మిదిమంది వచ్చారు. ముందు పెద్దవాళ్ళు, వెనక కోడళ్ళు. చేతిలో పూతరేకుల పెట్టె. కుర్చీలు చాలక కొందరు గాజుగుడ్డ మూటల మీద కూర్చున్నారు. నేను తల వంచుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. అప్పుడు ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. ఇక మొదలైంది. ఏం తింటావు, నిద్ర బాగా పడుతుందా, ఎడమవైపు తిరిగి పడుకుంటావా, కోపమొస్తే అది వేడెక్కుతుందా, నువ్వు పక్కన నిలబడితే టీవీలో బొమ్మ వణుకుతుందా. ఒకావిడ, "ఏదీ, అలా నాలుగడుగులు వెయ్యమ్మా" అన్నారు. వేశాను. నా అసలు పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ నన్ను నడిపించలేదు. చివరికి ఆయన భార్య లేచి వచ్చి, అడగకుండానే నా గుండె మీద చెవి పెట్టి విన్నారు. "చప్పుడేం లేదర్రా, మనలాగే ఉంది" అని వాళ్ళవాళ్ళకు చెప్పారు. సంబంధం కుదిరింది. మర్నాడు ఆపరేషను.

అంతే, అదొక ఆనవాయితీ అయిపోయింది. పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా నా చూపులు. మేడమ్‌గారు వచ్చి, తెల్లచీర వద్దన్నారు. నర్సుని చూస్తే ఆసుపత్రి వాళ్ళే నాటకమాడుతున్నారని అనుకుంటారట. మంచి రంగు చీర కట్టుకోమన్నారు. బొట్టు పెడితే ఇంకా కళగా ఉంటానని కూడా సలహా ఇచ్చారు. "ఉన్నది ఉన్నట్టు చూపించండి మేడమ్. రేపు మోసం చేశామంటారు" అన్నాను. బొట్టు సంగతి వదిలేశారు గాని తెల్లచీర మాత్రం పోయింది. ఆరోజు సాయంత్రం నా పెళ్ళినాటి నెమలికంఠం రంగు పట్టుచీర బీరువాలోంచి తీస్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఎక్కడికి?" అన్నారు. "డ్యూటీకి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది.

నెలన్నరలో అయిదు సంబంధాలు కుదిర్చాను. ఆరోది కడియం నుంచి వచ్చింది.

ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. మొక్కల నర్సరీ ఆయనది. చిన్నప్పుడు మడిలో కూలికి కుండీలు మోసి, తర్వాత సొంతంగా మొక్కలు పెంచి, లారీలకెత్తి దేశమంతా పంపిన మనిషి. నిమిషానికి ముప్పై ఆరు కొట్టుకునే గుండెతో కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వచ్చారు. భార్య, కొడుకు వెంట ఉన్నారు. ఆయన నా ఎదురుగా కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు. మిషను గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

"నర్సునండి."

"మరి ఇక్కడ కూర్చున్నావేంటి?"

"మీలాంటివాళ్ళు వస్తే మాట్లాడడానికండి."

"ఆ, అది సరేనమ్మా. ఈ మిషను పెట్టకముందు ఏం చేసేదానివి?"

"వార్డులో డ్యూటీ చేసేదాన్నండి."

"పెట్టాక?"

ఆయన కొడుకువైపు తిరిగారు. "చూశావంట్రా. నీడలో పెట్టి అమ్ముతున్నారు." తర్వాత నాకే విడమరిచి చెప్పారు, కోపం లేకుండా. "మేం మొక్కని నీడపందిరి కిందే పెంచుతామమ్మా. అక్కడ ప్రతి మొక్కా బ్రహ్మాండంగా ఉంటాది. కానీ లారీ ఎక్కించే ముందు బయటికి తీసి పదిరోజులు ఎండలో పెడతాం. ఎండకి తట్టుకుంటేనే అది మొక్క. కొనేవోడు తెలివైనోడైతే ఎండలోదే చూపించమంటాడు. నిన్ను ఎండలో పెట్టలేదు. అంటే డాట్టరుగారికే నమ్మకం లేదన్నమాట. పని చెయ్యకుండా కూకోవడానికైతే నాకీ మిషనెందుకు? ఇలాగే పోతాను."

లేచి వెళ్ళిపోయారు. ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గర ఆగి, "ఏమీ అనుకోకమ్మా, నువ్వు బాగానే ఉన్నావు" అంది. పెళ్ళివారు కాదన్న పిల్లను ఓదార్చినట్టే ఓదార్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దాయన మీద, మేడమ్‌గారి మీద, పట్టుచీర మీద, అందరికన్నా నా మీద. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆ గుండెతో ఆయన వారం బతుకుతాడో, రెండు వారాలో. నేను ఫ్యాను కింద కూర్చున్నందుకు ఒక మనిషి చచ్చిపోబోతున్నాడు. తిన్నగా డాక్టరుగారి గదికి వెళ్ళాను. లోపల పేషెంటు ఉన్నా ఆగలేదు.

"మీరు సంతకం పెట్టిన కాగితం నిజమా, అబద్ధమా?" అన్నాను. "నిజమైతే నన్ను వార్డుకి పంపండి. అబద్ధమైతే ఆ అయిదుగురినీ పిలిచి డబ్బాలు తీసేయండి."

లోపలున్న పేషెంటు, "ఆవిడ చెప్పింది రైటేనండి" అన్నాడు, సంగతేమిటో తెలియకపోయినా.

మర్నాటినుంచి వార్డు. మేడమ్‌గారు ఒక షరతు పెట్టారు. నేను ఎక్కడికి వెళ్తే అక్కడికి ఆయా ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నా వెనకే రావాలి. తూలితే కూర్చోబెట్టడానికి. మా ఆయా నాకన్నా పదేళ్ళు పెద్దది, మోకాళ్ళ నొప్పులు. నేను మంచం మంచానికీ తిరుగుతుంటే ఆవిడ ఎర్ర కుర్చీ నెత్తిన పెట్టుకుని వెనక కుంటుకుంటూ వచ్చేది. నేను ఆగితే ఆవిడే అందులో కూర్చునేది. పేషెంట్లు ముందు కాస్త బెదిరారు. తర్వాత, "సిస్టరుగారొస్తున్నారు, సింహాసనం జరగనివ్వండి" అని నవ్వుకోవడం మొదలుపెట్టారు.

మొదటి ఇంజెక్షను ఇస్తున్నప్పుడు స్పిరిట్ దూది రాసినచోటే మూడుసార్లు రాశాను. పేషెంటు ఒక డిగ్రీ చదివే పిల్ల. "ఏంటి సిస్టర్, కొత్తా?" అంది. "ఇరవై రెండేళ్ళు కొత్త" అని కసిరి పొడిచాను. రెండో ఇంజెక్షనుకు దూది ఒక్కసారే రాశాను.

రెండో రోజు పొద్దున్న ఎనిమిదింటికి కడియం పెద్దాయన దిగారు. నన్ను వార్డులో వేశారని ఆయనకు కబురు పెట్టింది డాక్టరుగారే. కానీ అడ్మిట్ అవ్వమంటే వినలేదు. వార్డు బయట వరండాలో, తలుపుకు ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. పక్కన భార్య, టిఫిన్ కారియర్. "ఇయ్యాల పూర్తిగా చూస్తాను. సాయంత్రానికి చెప్తాను" అన్నారు.

"మీరు ముందు మంచమెక్కండి. కావాలంటే మంచం మీంచి చూడండి" అన్నాను.

"నువ్వు నీ పని చూసుకోమ్మా. నాకు మొక్కల్ని చూడ్డం అలవాటే."

డాక్టరుగారు, "కనీసం ఆసుపత్రి లోపలే ఉన్నాడు, ఊరుకోండి" అని నాకు సైగ చేశారు. అలా ఆరోజు నా డ్యూటీ జరిగింది. వెనక కుర్చీ, ఎదురుగా ఆ కళ్ళు. దుప్పటి మార్చినా చూస్తారు, సెలైన్ సీసా ఎత్తి తగిలించినా చూస్తారు. వార్డులోకి నలుగురు చుట్టాలు ఒకేసారి తోసుకొస్తే నేను అరిచిన అరుపుకు ఆయన తల ఊపడం తలుపు సందులోంచి కనబడింది. నేను పరీక్ష రాస్తున్నట్టూ, రాస్తున్నంతసేపూ నా ముందున్న మాస్టారు చచ్చిపోయేలా ఉన్నట్టూ ఉంది. ప్రతి పావుగంటకూ వెళ్ళి ఆయన నాడి చూసి వచ్చేదాన్ని. ముప్పై ఆరు. ముప్పై నాలుగు. ముప్పై ఒకటి.

పన్నెండు దాటాక ఆయన భార్య కారియర్ విప్పి అన్నం కలుపుతోంది. ఆయన ఏదో అనబోయి, మాట పూర్తి చెయ్యకుండా పక్కకి ఒరిగారు. నేను ఎలా పరిగెత్తానో నాకు గుర్తులేదు. పరిగెత్తకూడదని కూడా గుర్తులేదు. "కుర్చీ!" అని అరిచాను. రెండు రోజులుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్న ఆయా, తీరా మాట వచ్చేసరికి కుర్చీ తెచ్చి నా వెనక వేసి నన్ను పట్టుకుని కూర్చోబెట్టబోయింది. "నాకు కాదే, ఆయనకి!" అన్నాను. ఇద్దరం కలిసి ఆయన్ని అందులోకి లాగి, ఆవిడ ఒకవైపు, నేను కుడిచేత్తో ఒకవైపు పట్టి, కారిడార్లో నేల మీద గరగరలాడిస్తూ ఈడ్చుకుపోయాం. ఎదురొచ్చిన మేడమ్‌గారు, "సిస్టర్, మీ మిషను!" అని కేక వేశారు. "తలుపు తియ్యండి మేడమ్" అన్నాను. తీశారు.

సూది మందుకి తెప్పరిల్లి, పక్కటెముకల దగ్గర వైర్లతో పడుకుని ఉన్నప్పుడు ఆయన కళ్ళు నన్ను వెతికాయి. దగ్గరికి వెళ్ళాను. రొప్పుతున్నాను, జుట్టు ఊడిపోయింది, తెల్లచీర మీద పప్పన్నం మెతుకులు.

"ఎండకి ఉంటావు" అన్నారు ఆయన. "పెట్టెయ్యమను."

నేను గబగబా బయటికి వచ్చి, గుడ్డలు ఉతికే గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. రెండు నెలలుగా చేతులు కట్టుకుని కూర్చున్న ఏడుపు అది. కడుపు నిండా ఏడ్చి, మొహం కడుక్కుని, మిగిలిన మందులు ఇవ్వడానికి వెళ్ళాను. ఆయా కుర్చీని వరండాలోనే వదిలేసి వచ్చింది. "ఇంక నేను మొయ్యనండి, మీరు నన్ను మొయ్యాల్సి వచ్చేలా ఉంది" అంది. మేడమ్‌గారు ఆ మాట విని కుర్చీని లోపల పెట్టించారు.

పెద్దాయన ఎనిమిదో రోజున నడిచి ఇంటికెళ్ళారు. కడియంలో నా గురించి ఏం చెప్పారో తెలియదు గాని, ఆ తర్వాత జనం ఇంకా పెరిగారు. నేను వార్డు వదలనన్నాను. చూడాలంటే వార్డుకే వచ్చి చూడమన్నాను.

కొన్నాళ్ళకు ఒకరోజు మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్తుంటే గుమ్మం దగ్గర ఒకావిడ అడ్డంగా నిలబడింది. మండపేట వైపు నుంచి వచ్చారట, భర్తకు మిషను పెట్టాలన్నారట. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని మొహం.

"ఏవండీ సిస్టరుగారూ, గుండెలో మిషను ఉన్న ఆవిడని చూపిస్తారంట. ఎక్కడ కూర్చుంటారండి ఆవిడ?"

నన్ను తేరిపార చూస్తూనే అడిగింది. చీర చూసింది, మెడలో స్టెతస్కోపు చూసింది, ట్రాలీ చూసింది. ఎక్కడా అనుమానం రాలేదు.

"ఆవిడ కూర్చోరమ్మా. డ్యూటీలో ఉన్నారు."

"మరి ఎప్పుడొస్తారండి?"

"ఇంకా మూడు మంచాలున్నాయి. అవి అయ్యాక మీ ఆయన దగ్గరికి వస్తారు. ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడతారు. ఈలోపు కాస్త దారివ్వు తల్లీ."

ఆవిడ పక్కకి జరిగింది. నేను ట్రాలీ తోసుకుంటూ తరువాతి మంచం దగ్గరికి వెళ్ళాను.